మంగలికత్తి పట్టుకున్న బాబో

అమ్మలూ స్వాతీ, నాన్నా కార్తీక్,

అమెరికన్ రచయిత హెర్మన్ మెల్విల్ రాసిన బెనిటో సెరెనో అనే పెద్దకథ పది పేజీలు చదివి బోర్ కొట్టి పక్కన పెట్టేశాం అన్నారు కదా మొన్న ఫోన్‌లో, అప్పట్నుంచి మీకు రాయాలనే ఉంది. నాక్కూడా మొదటిసారి అలాగే అయింది, రెండోసారి చదివితే గానీ పట్టుబడలేదు.

చిలీ దగ్గర ఓ దీవి, అమెరికన్ కెప్టెన్ డెలానోకి దెబ్బతిన్న స్పానిష్ ఓడ కనపడుతుంది, పాపం అని బుట్టల్లో చేపలు పట్టుకుని ఎక్కుతాడు. ఓడలో ఆఫ్రికా బానిసలు, వణికిపోతున్న కెప్టెన్ సెరెనో, ఆయన్ని క్షణం వదలని బాబో అనే బానిస. ఎంత విశ్వాసమో అని డెలానో మురిసిపోతాడు.

గడ్డం గీసే సీన్ దగ్గర మాత్రం నెమ్మదిగా చదవండి. బాబో సెరెనో మెడకి స్పెయిన్ జెండానే గుడ్డలా చుట్టి, నురగ రాసి కత్తి పెడతాడు, డెలానో ప్రయాణం గురించి ఏదో అడుగుతుంటాడు, అంతలో గొంతు కింద తెల్లటి నురగ మీద రక్తం చుక్కలు. గుట్టు చెప్పేస్తున్నా, ఏమనుకోకండి, ఆ ఓడ ఎప్పుడో తిరగబడ్డ బానిసల చేతికి వచ్చేసింది, జరిగేదంతా బాబో ఆడిస్తున్న నాటకం. డెలానో మంచివాడే, దాహంతో ఉన్నవాళ్లకి నీళ్లు తనే పంచాడు, కానీ నల్లవాళ్లకి అంత బుర్ర ఉంటుందన్న ఊహే అతనికి రాదు. నాకు బాధ కలిగించేది అదే.

అమాసా డెలానో నిజం మనిషి, 1805లో ట్రయల్ అనే ఓడ మీద జరిగింది 1817లో తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. మెల్విల్ దాన్ని 1799కి జరిపి ఓడకి శాన్ డొమినిక్ అని పేరు పెట్టాడు, బానిసలు తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్న హైతీ పాత పేరు గుర్తొచ్చేలా. కథ అచ్చయింది 1855లో, అంటే అమెరికాలో పారిపోయొచ్చిన బానిసల్ని 1850 చట్టం పేరు చెప్పి పట్టి యజమానులకి అప్పగిస్తున్న రోజులు. మెల్విల్‌కి పిల్లనిచ్చిన మామ లెమ్యుయెల్ షా మసాచుసెట్స్ చీఫ్ జస్టిస్, 1851లో థామస్ సిమ్స్ అనే కుర్రాడి కేసులో ఆ చట్టాన్నే సమర్థించాడు, సిమ్స్‌ని మళ్లీ జార్జియాకి పంపేశారు. అల్లుడేమో ఈ కథ రాశాడు!

చివర్లో కోర్టు కాగితాలు వస్తాయి, స్కిప్ చేయకండి. సెరెనో వాంగ్మూలం పేజీలకి పేజీలు ఉంటుంది, బాబోది ఒక్క ముక్క ఉండదు, పట్టుబడ్డాక అతను నోరే విప్పడు. ఎందుకు విప్పలేదనిపించిందో ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇద్దరూ చెప్పండి.

మీ తాతయ్య