కొర్రమట్టకు నొప్పి తెలుస్తదా?

ఆదివారం పొద్దున వరంగల్‌లో చేపలమ్మే చోట తొట్టి నిండా కొర్రమట్టలు. పైకొచ్చి గాలి పీల్చే చేప కాబట్టి, ఒళ్లు తడిగా ఉంటే చాలు, గంటలకొద్దీ బతికే ఉంటుంది. పట్టుకుంటే జారిపోతుందని బూడిద పూసి పొలుసు గీకుతున్నారు. తోక ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"నానమ్మా, దానికి నొప్పి తెలుస్తదా?" అని నా పక్కన ఒక చిన్నపిల్ల అడిగింది.

"జీవమున్నదానికి తెల్వదా బిడ్డా!"

ఆ నానమ్మ తడుముకోకుండా చెప్పిన జవాబు దగ్గరికి రావడానికి సైన్సుకు దాదాపు నాలుగు వందల ఏళ్లు పట్టింది.

1637లో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ జంతువులను గడియారంలాంటి యంత్రాలతో పోల్చాడు. 1872లో డార్విన్ మనుషుల్లోని భయం, కోపం, సంతోషాలకు మూలాలు జంతువుల్లోనే ఉన్నాయని చూపించాడు. ఆ ఉత్సాహంలో కొందరు కుక్కల, పిల్లుల తెలివి గురించిన కథలన్నీ పోగేసి శాస్త్రమన్నారు. అందుకే 1894లో మనస్తత్వవేత్త లాయిడ్ మోర్గాన్ హెచ్చరించాడు: మామూలు కారణం సరిపోయేచోట పెద్ద ఆలోచనలను జంతువుకు అంటగట్టొద్దని. ఆ జాగ్రత్త న్యాయమైనదే. కానీ 1913లో అమెరికా మనస్తత్వవేత్త వాట్సన్ బయటికి కనబడే ప్రవర్తన తప్ప మరేదీ సైన్సు కాదనడంతో జాగ్రత్త కాస్తా నిషేధమైంది. లోపల ఏముందో కనబడదన్న మాట, లోపల ఏమీ లేదన్నట్టుగా చలామణి అయింది. అర్ధ శతాబ్దం అలాగే పోయింది.

1974లో థామస్ నాగెల్ అనే తత్వవేత్త, గబ్బిలం గురించి ఎంత తెలుసుకున్నా గబ్బిలంగా బతకడం ఎలా ఉంటుందో మనకు తెలియదన్నాడు. రెండేళ్లకే, గబ్బిలాలు శబ్దంతో దారి వెతుక్కుంటాయని కనిపెట్టిన డొనాల్డ్ గ్రిఫిన్, జంతువుల ఎరుకను సైన్సు మళ్లీ పట్టించుకోవాలని పుస్తకం రాశాడు.

చేపల వంతు 2003లో వచ్చింది. లిన్ స్నెడ్డన్ అనే శాస్త్రవేత్త ట్రౌట్ చేపల పెదాల్లోకి ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేది) ఎక్కించింది. అవి పెదాలను తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి, దాదాపు మూడు గంటలు మేత ముట్టలేదు. ఉప్పునీళ్లు ఎక్కించిన చేపలు అందులో సగం సేపటికే తిన్నాయి. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇస్తే రుద్దుకోవడం తగ్గింది. నా దృష్టిలో ఈ చరిత్రంతటిలో బలమైన సాక్ష్యం ఇదే. ఒంటికి తగలగానే ఉలిక్కిపడడం వేరు, గంటలపాటు ఆకలి చచ్చిపోవడం వేరు.

చేప మెదడులో మనకున్నలాంటి కార్టెక్స్ (మెదడు పైపొర) లేదు, నొప్పి ఎక్కడిదని కాదనేవాళ్లు ఉన్నారు. అలాంటి పొరల కార్టెక్స్ కాకికీ లేదు. అయినా కాకి తనకు చూపిన గుర్తును చూశానని నేర్పిన సైగతో తెలిపినప్పుడల్లా దానికి తగ్గట్టు స్పందించే నాడీకణాలున్నాయని 2020లో ఆండ్రియాస్ నీడర్ బృందం చూపింది.

జంతువుల ఎరుకపై శాస్త్రవేత్తలు చేసిన 2012 కేంబ్రిడ్జ్ ప్రకటన క్షీరదాలను, పక్షులను, ఆక్టోపస్‌లను పేర్కొంది, చేపల పేరెత్తలేదు. అలాంటిదే 2024 న్యూయార్క్ ప్రకటనలో చేపలూ చేరాయి, అదీ 'ఎరుక ఉండే వాస్తవ అవకాశం ఉంది' అన్నంత వరకే.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మాత్రం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువనే అన్నది. తినడానికి చంపడాన్ని మినహాయించింది, అనవసరమైన బాధ పెట్టకుండా ఉంటేనే.

ఆ రోజు పక్క కొట్టాయన కొర్రమట్ట తలమీద కట్టెతో ఒక్కటే దెబ్బ గట్టిగా వేసి, అది కదలడం ఆగినంక బూడిద అందుకున్నాడు.