రాష్ట్రపతి రాసిన నోట్: న్యాయమూర్తుల ఎంపికలో అసలు మలుపు

న్యాయమూర్తుల్లో సామాజిక వైవిధ్యంపై చర్చ మళ్లీ రాజుకుంది. 2018 నుంచి నియమితులైన 715 మంది హైకోర్టు జడ్జీల్లో ఎస్సీలు 22, ఎస్టీలు 16, ఓబీసీలు 89 మందేనని 2025 మార్చిలో కేంద్రం రాజ్యసభకు చెప్పింది. అదే ఏడాది జూన్‌లో జస్టిస్ బేలా త్రివేది పదవీ విరమణతో సుప్రీంకోర్టులో మహిళగా జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే మిగిలారు.

1993 తీర్పు, దానితో వచ్చిన కొలీజియం (సీనియర్ జడ్జీలే కొత్త జడ్జీలను ఎంపిక చేసే పద్ధతి), దాని స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్ (ఎన్‌జేఏసీ)ను 2015లో సుప్రీంకోర్టు రద్దు చేయడం అందరికీ తెలిసినవే. అసలు మలుపు 1998 చివర్లో వచ్చింది. తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి 1997లో రిటైరయ్యాక సుప్రీంకోర్టులో దళిత న్యాయమూర్తి లేరు. నియామకాల ఫైలు తన దగ్గరికి వచ్చినప్పుడు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దానిపై ఒక నోట్ రాశారు. జనాభాలో పాతిక శాతమున్న ఎస్సీ, ఎస్టీలనూ, మహిళలనూ పరిగణించాలని, అర్హులు ఉన్నారని, ప్రాతినిధ్యం లేకపోవడం సమర్థనీయం కాదని అందులో పేర్కొన్నారు. ప్రతిభే ప్రమాణమన్నది ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎస్. ఆనంద్ జవాబు. అర్హులున్నారన్న మాటకు అది సమాధానం కాదు.

2000లో దళితుడైన జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ సుప్రీంకోర్టుకు వచ్చారు. 2010 మేలో ఆయన రిటైరయ్యాక తొమ్మిదేళ్లు అక్కడ మళ్లీ దళిత న్యాయమూర్తి లేరు. 2018 మార్చి 20న ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలను నిరోధించే అట్రాసిటీ చట్టం కింద అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలని, కేసు పెట్టేముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపవచ్చని ఇద్దరు జడ్జీల ధర్మాసనం ఆదేశించింది ఆ తొమ్మిదేళ్లలోనే. దానికి నిరసనగా ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు ఆ షరతులు వర్తించకుండా చట్టాన్ని సవరించింది. 2019 మేలో మరో దళిత న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ సుప్రీంకోర్టుకు వచ్చారు. ఆ అక్టోబరు 1న ఆయన కూడా ఉన్న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. తప్పుడు ఫిర్యాదుకు కారణం మనిషి బలహీనతే తప్ప కులం కాదని స్పష్టంగా చెప్పింది. ఫలితాన్ని ఒక్క వ్యక్తికి ఆపాదించలేం. కానీ అట్రాసిటీ బాధితుడు స్టేషన్‌లో ఏం ఎదుర్కొంటాడో తెలిసినవారు ధర్మాసనంపై ఉండటం అవసరం.

వడపోత హైకోర్టులోనే మొదలవుతుంది. ఖాళీకి ఆరు నెలల ముందు ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ జడ్జీలు పేర్లు పంపాలి. న్యాయవాది ప్రాక్టీసు, ఆదాయం, లా జర్నళ్లలో అచ్చయిన తీర్పులు చూస్తారు. పేరున్న సీనియర్ ఆఫీసులో పెరిగినవారికి, ప్రభుత్వ ప్లీడర్లకు ఇవి సులువుగా సమకూరుతాయి. జిల్లా కోర్టులో ట్రయల్స్ నడిపే మొదటితరం న్యాయవాది కేసులు జర్నళ్లకెక్కవు. కింది కోర్టుల్లో పరీక్ష, రిజర్వేషన్లు ఉన్నాయి. అయితే జిల్లా జడ్జిగా చేసి హైకోర్టుకు చేరేసరికి యాభై దాటిపోతాయి, 62కే రిటైర్మెంట్. సుప్రీంకోర్టుకు వెళ్లేంత సీనియారిటీ దక్కదు.

రాజ్యాంగంలో ఉన్నత న్యాయస్థానాలకు రిజర్వేషన్ లేదన్నది కేంద్రం మాట. నిజమే, కానీ వివరాలు అడగడానికీ అడ్డేమీ లేదు. 2018 నుంచి దరఖాస్తు పత్రంలో సామాజిక నేపథ్యం రాయిస్తున్నారు. అదీ సిఫార్సు అయినవారితోనే. పరిశీలనకే రానివారెందరో ఏ పట్టికలోనూ కనిపించదు.