నిలిపి ఉంచిన జెట్ స్కీ ఇంజిన్‌లోకి ఆయిల్ దిగడం: అపోహలు - వాస్తవాలు

అక్టోబరులో కవరు కప్పి పక్కన పెట్టిన జెట్ స్కీని, అంటే నీళ్ల మీద నడిచే బండిని, మే నెలలో బయటికి తీసి సెల్ఫ్ కొడతారు. టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఆయిల్ ట్యాంకు చూస్తే సగానికి పడిపోయి ఉంటుంది. కింద హల్‌లో, అంటే బండి అడుగు తొట్టిలో, మాత్రం చుక్క కనబడదు. పోయిన ఆయిలంతా ఇంజిన్ కడుపులోనే ఉంది. అమెరికా, కెనడాల్లో పాత టూ-స్ట్రోక్ జెట్ స్కీ చవగ్గా దొరికిందని కొన్నవాళ్లు ఈ మాటలు ముందే చదువుకోవడం మంచిది. ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా 587, 657, 717, 787 రకం రోటాక్స్ ఇంజిన్లున్న సీ-డూ బ్రాండు జెట్ స్కీల గురించి.

అపోహ: "బ్యాటరీ దిగిపోయింది. కారు నుంచి జంప్ ఇస్తే తిరుగుతుంది."

ఇంజిన్ పోయేది సరిగ్గా ఇక్కడే. క్రాంక్‌కేస్‌లో (పిస్టన్ కింద, క్రాంక్ ఇరుసు తిరిగే గదిలో) నిలిచిన ఆయిల్ సెల్ఫ్ తిరగగానే ట్రాన్స్‌ఫర్ పోర్టుల (అక్కడి నుంచి సిలిండర్లోకి వెళ్లే దారుల) గుండా పిస్టన్ పైకి చేరుతుంది. గాలిని నొక్కవచ్చు, ఆయిల్‌ని నొక్కలేం. పిస్టన్ సగంలోనే ఆగిపోతుంది. అప్పుడు ఇంకా బలమైన కరెంటు ఇచ్చారనుకోండి, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కు కలిపే కడ్డీ) వంగుతుంది. ఈ ఇంజిన్లలో క్రాంక్ ఒకే ముక్క కాదు, ముక్కల్ని ప్రెస్‌లో బిగించి చేసింది. రాడ్ వంగకపోతే ఆ క్రాంకే మెలితిరిగి, రెండు సిలిండర్ల మధ్య ఉండాల్సిన 180 డిగ్రీల తేడా తప్పుతుంది. ఆ తర్వాత ఇంజిన్ స్టార్ట్ అయినా వణుకుతూనే ఉంటుంది.

అందుకని చలికాలం తర్వాత బండిని ముట్టుకుంటే మొదటి పని రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పడం. ప్లగ్ క్యాపుల్ని గాలిలో వదలకండి. వాటి కోసమే ఉన్న గ్రౌండింగ్ స్టడ్‌లకు తొడగండి. లేకపోతే నిప్పురవ్వ బయటే పడుతుంది, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. ఇగ్నిషన్ బాక్సు కూడా దెబ్బతినొచ్చు. ప్లగ్ రంధ్రాల మీద మందపాటి పాత గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని, ఐదేసి సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. ప్రతిసారీ మధ్యలో అర నిమిషం ఆగి సెల్ఫ్ మోటారుని చల్లారనివ్వండి. ఆయిల్ పిచికారీలా ఎగురుతుంది, తర్వాత తుంపరగా మారుతుంది. తుంపర కూడా ఆగేదాకా కొట్టాలి. మొదటిసారే ఇంజిన్ కదలకపోతే బలవంతం వద్దు. ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి పైపు దింపి, సిరంజితో పైనున్నది లాగేసి మళ్లీ ప్రయత్నించండి.

బయటికొచ్చింది మజ్జిగలా తెల్లగా ఉంటే అది ఒట్టి ఆయిల్ కాదు, నీళ్లు కలిశాయి. ఆ కథ వేరు, బేరింగులకు తుప్పు పట్టకముందే చూసుకోవాలి.

ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత నొక్కుకుంటోందో) కొలవండి. రెండు సిలిండర్లకూ దగ్గర దగ్గర అంకెలు రావాలి. ఒకటి బాగా తక్కువ చూపిస్తే, ప్లగ్ రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి రెండు పిస్టన్లూ ఒకే ఎత్తుకు వస్తున్నాయో లేదో చూడాలి. వంగిన రాడ్ అక్కడ దొరికిపోతుంది.

అపోహ: "ఆయిల్ పంపు పీకేసి, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోస్తే ఈ గోల ఉండదు."

రీడ్ వాల్వ్ (పల్చటి రేకుల వాల్వు) ఇంజిన్లున్న బండ్ల విషయంలో ఇందులో కొంత నిజముంది. రోటరీ వాల్వ్ (తిరిగే పళ్లెం లాంటి వాల్వు) ఉన్న రోటాక్స్‌లో లేదు. ఎందుకో తెలియాలంటే లోపల ఏముందో చూడాలి. రెండు సిలిండర్ల క్రాంక్‌కేసుల మధ్య ఒక గది ఉంటుంది. అందులో క్రాంక్ మీది గేరు రోటరీ వాల్వ్ షాఫ్ట్ మీది ఇత్తడి రంగు గేరును తిప్పుతుంది. ఆ గేర్లు ఎప్పుడూ ఆయిల్లో మునిగి ఉండాలి. ట్యాంకు నుంచి ఒక లావుపాటి గొట్టం ఆ గదిలోకి వస్తుంది, మరొకటి తిరిగి ట్యాంకుకు వెళ్తుంది. దీనికి పంపు లేదు, ఆయిల్ తన బరువుకే దిగుతుంది. అంటే ఇంజిన్ నడిచినా నడవకపోయినా, ఆ గదికి అటూ ఇటూ ఉన్న క్రాంక్ సీళ్ల మీద ట్యాంకులో ఉన్న ఆయిల్ బరువు ఆరు నెలలూ పడుతూనే ఉంటుంది. సీలు అంచు అరిగితే ఆయిల్ పక్క క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది.

ఇప్పుడు పంపు పీకేసినా ఆ గదికి ఆయిల్ కావాల్సిందే. ట్యాంకూ రెండు లావు గొట్టాలూ ఉండి తీరాలి. కారడమూ ఆగదు. పంపుతో పాటు ట్యాంకు కూడా తీసేసినవాళ్ల ఇంజిన్లో ఆ ఇత్తడి గేరు పళ్లు రాలిపోతాయి.

అపోహ: "చెక్ వాల్వులు మారిస్తే సరి."

ఆయిల్‌ని ఒకే వైపు పోనిచ్చే ఈ చెక్ వాల్వులు ఉండేది పంపు నుంచి ఇన్‌టేక్ (ఇంజిన్ గాలి పీల్చే దారి) వైపు వెళ్లే సన్న గొట్టాల్లో. అవి బలహీనపడినా ఆయిల్ దిగుతుంది, కానీ నెమ్మదిగా. ముందు ఆయిల్ ఏ దారిన దిగుతోందో తేల్చుకోండి. ఇంజిన్లోని ఆయిలంతా తీసేసి, ట్యాంకు మీద టేపు ముక్కతో మట్టం గుర్తు పెట్టి, లావు గొట్టాలు రెండూ క్లాంపు వేసి రెండు వారాలు వదిలేయండి. మట్టం కదలకపోతే దొంగ సీలే. అయినా తగ్గుతుంటే సన్న గొట్టాల వైపు చూడండి. ఒకే సిలిండర్ ప్లగ్ ఆయిల్లో ముంచి తీసినట్టుంటే అనుమానం క్రాంక్ సీలు మీదికే పోవాలి.

ఖాయం చేసుకోవాలంటే గాలి పరీక్ష ఉంది. రెండు లావు గొట్టాలూ ఇంజిన్ దగ్గర విప్పి, ఒక మూతి మూసి, రెండో దానిలోకి చేతి పంపుతో 5 పీఎస్ఐ గాలి ఎక్కించండి. 3 నిమిషాలు నిలవాలి. అంతకు మించి ఎక్కిస్తే బాగున్న సీలు కూడా జారొచ్చు. గాలి తగ్గుతుంటే ముందు బయటి జాయింట్లకు సబ్బు నీళ్లు పూసి చూడండి. ఆ తర్వాత చెవి పెట్టి వినండి. బుస ప్లగ్ రంధ్రంలోంచి వస్తే క్రాంక్ సీలు. కార్బురేటర్లు తీశాక ఇన్‌టేక్ వైపు నుంచి వస్తే రోటరీ షాఫ్ట్ సీలు.

ఈ తేడా జేబుకు చాలా ముఖ్యం. రోటరీ షాఫ్ట్ సీలు ఇంజిన్ కేసు విప్పకుండానే మార్చవచ్చు, కాకపోతే తర్వాత డిగ్రీ వీల్ (కోణం కొలిచే చక్రం) పెట్టి వాల్వ్ టైమింగ్ సరిచూడాలి. లోపలి క్రాంక్ సీళ్లు అలా రావు. క్రాంకునే ప్రెస్ మీద విడదీస్తే తప్ప అవి ఊడవు. చాలామంది రీబిల్డ్ చేసిన క్రాంకే వేయించుకోవడానికి కారణం ఇదే. చలికాలమంతా కలిపి ట్యాంకు మట్టం ఒక వేలెడు తగ్గితే ఆ ఖర్చు అవసరం లేదని మా అభిప్రాయం, క్లాంపులతో నెట్టుకురావచ్చు. పది రోజుల్లో ట్యాంకు సగమైనా, నడిచేటప్పుడు ఒక ప్లగ్ పదే పదే తడిసి చచ్చిపోతున్నా ఇక వాయిదా వేయకండి.

అపోహ: "క్లాంపు బదులు గొట్టానికి వాల్వు పెట్టేస్తే శాశ్వత పరిష్కారం."

వాల్వు తెరవడం మరిచిపోయే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజే గేరు పోతుంది. పళ్లు లేని, నున్నటి దవడల క్లాంపులే మేలు, అవి గొట్టాన్ని కోయవు. రెండు గొట్టాలకూ వేయాలి, ఎందుకంటే తిరుగు గొట్టం నుంచి కూడా ఆయిల్ వెనక్కి దిగుతుంది. "క్లాంపు ఉంది" అని రాసిన చీటీ హ్యాండిల్‌కు కట్టండి. తీసేటప్పుడు తిరుగు గొట్టాన్ని పై కొసన కాస్త వదులు చేసి, గాలి పోయి ఆయిల్ కనబడ్డాకే బిగించండి.

"ట్యాంకే ఖాళీ చేసి పెడదాం" అనేవాళ్లూ ఉన్నారు. కారడం ఆగుతుంది, నిజమే. కానీ పంపులోకి గాలి చేరుతుంది. వసంతంలో పంపు బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనివ్వాలి. సన్న గొట్టాల్లో గాలి పూర్తిగా పోయేదాకా పెట్రోల్లో 50:1 చొప్పున, అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి నడపాలి. ఇది ఎగ్గొడితే పిస్టన్ పట్టేస్తుంది. చిక్కటి ఆయిల్ పోస్తే కారదనేది ఇంకో మాట. చిక్కటిది పంపుకే ఎక్కదు. రకరకాల ఆయిళ్లు కలిపితే జెల్లీలా గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోవచ్చు.

శుభ్రం చేశాక తొలిసారి స్టార్ట్ చేసేది ఆరుబయటే. 717, 787లకు సాధారణంగా వాడే ఎన్‌జీకే బీఆర్8ఈఎస్ ప్లగ్గులు రెండు జతలు దగ్గర పెట్టుకోండి, మొదటి జత పొగలోనే పోవచ్చు. ట్రైలర్ మీద గొట్టంతో నీళ్లు పెడుతుంటే ముందు ఇంజిన్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, వెంటనే ఇంజిన్. ఈ వరస తప్పితే ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు సిలిండర్లోకి ఎక్కి, మళ్లీ మొదటికే వస్తారు.

అపోహ: "ఫోర్-స్ట్రోక్ కొన్నాం కదా, మాకీ బాధ లేదు."

సీళ్ల బాధ లేదు. 2002లో మొదలైన సీ-డూ 4-టెక్ ఇంజిన్లది డ్రై సంప్, అంటే ఆయిల్ ఇంజిన్ అడుగున కాక వేరే అరలో ఉంటుంది. నిలిపి ఉంచితే ఆయిల్ కిందికి జారి, చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తక్కువ చూపించవచ్చు. అది చూసి అర లీటరు పోసేస్తారు. నడిచాక ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజిన్ ఊపిరి గొట్టం) గుండా ఇన్‌టేక్‌లోకి వస్తుంది. బండి సమంగా ఉండాలి, ఇంజిన్ వేడెక్కాలి. 30 సెకన్లు ఐడిల్‌లో ఉంచి, ఆపి, మరో 30 సెకన్లు ఆగి అప్పుడు మట్టం చూడండి. ఎక్కువుంటే డిప్‌స్టిక్ గొట్టంలోంచే సక్షన్ పంపుతో లాగేయవచ్చు.