నోబెల్ ఉపన్యాసం ముందు నిలవని కథలు: అపోహలు - వాస్తవాలు

మా ల్యాబ్‌లో రామన్ స్పెక్ట్రోమీటర్ ఉంది. పదార్థం చెదరగొట్టిన కాంతిలో కొద్ది భాగం రంగు మారుతుందని సి.వి. రామన్ కనిపెట్టారు (అదే రామన్ ఎఫెక్ట్), దాని ఆధారంగా పదార్థాలను గుర్తుపట్టే పరికరం ఇది. అందుకే ఫిబ్రవరి వచ్చిందంటే చుట్టుపక్కల బడులవాళ్లు, కాలేజీలవాళ్లు "సైన్స్ డేకి వచ్చి నాలుగు ముక్కలు చెప్పండి సార్" అంటూ ఫోన్ చేస్తారు. వెళ్తే వేదిక మీద ఏటా అవే కథలు. వాటిలో చాలావాటికి జవాబు రామన్ 1930 డిసెంబర్ 11న స్టాక్‌హోమ్‌లో ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలోనే ఉంది. అది పది పేజీలు కూడా ఉండదు. నోబెల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయినా చదివినవాళ్లు తక్కువ.

అపోహ: నోబెల్ ఉపన్యాసం అంటే బహుమతి అందుకుంటూ చేసే ప్రసంగం.

కాదు. నోబెల్ వర్ధంతి అయిన డిసెంబర్ 10న రాజు చేతుల మీదుగా పతకం అందుకునేటప్పుడు విజేతలు ఉపన్యసించరు. ఆ రాత్రి విందులో చెప్పే నాలుగు కృతజ్ఞతా వాక్యాల సంగతి వేరు. బహుమతి తెచ్చిన పని గురించి, వీలైనంతవరకు, ఒక ఉపన్యాసం ఇవ్వాలని నోబెల్ ఫౌండేషన్ నిబంధన. ఉత్సవానికి ముందే ఇచ్చేయొచ్చు, లేదా ఆ తర్వాత ఆరు నెలల్లోపు ఇవ్వొచ్చు. ఫిజిక్స్ ఉపన్యాసాలు ఇప్పుడు సాధారణంగా డిసెంబర్ 8న జరుగుతాయి.

అపోహ: ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మీద మాట్లాడారంటే బహుమతి దానికే వచ్చినట్టు.

ఇక్కడ జనాన్ని తప్పుపట్టలేం, ఉపన్యాసమే తికమక పెడుతుంది. 1921 బహుమతిని 1922లో ప్రకటించారు. అందులో ప్రత్యేకంగా పేర్కొన్నది కాంతి విద్యుత్ ఫలితం (కాంతి పడ్డ లోహంలోంచి ఎలక్ట్రాన్లు వెలువడటం) నియమాన్ని. ఆ డిసెంబర్‌లో ఆయన జపాన్ పర్యటనలో ఉన్నారు. చివరికి 1923 జులై 11న, స్వీడన్‌లోనే గోథెన్‌బర్గ్‌లో జరిగిన ఒక శాస్త్రవేత్తల సభలో మాట్లాడారు. విషయం సాపేక్ష సిద్ధాంతం! అచ్చయిన ప్రతిలో కింద చిన్న వివరణ కూడా ఉంది: ఇది బహుమతి ప్రదాన సందర్భంలో ఇచ్చింది కాదు కనుక కాంతి విద్యుత్ ఫలితం ప్రస్తావన లేదని.

అపోహ: రామన్ ఓడలోంచి సముద్రాన్ని చూశారు, రామన్ ఎఫెక్ట్ కనిపెట్టేశారు.

న్యూటన్ ఆపిల్ కథకు మన దేశపు జోడీ ఇది. 1921 వేసవిలో యూరప్‌కు వెళ్లినప్పుడు మధ్యధరా సముద్రపు నీలం చూసే అవకాశం మొదటిసారి దొరికిందని ఆయనే ఉపన్యాసంలో చెప్పారు. కాకపోతే ఆ నీలం ఒక ప్రశ్న మాత్రమే. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమేనన్న బ్రిటిష్ శాస్త్రవేత్త రేలీ మాటను ఆయన ఒప్పుకోలేదు. నికల్ పట్టకంతో (ఒక దిశలో కంపించే కాంతినే పోనిచ్చే స్ఫటికం) ఉపరితలపు మెరుపును తీసేసి చూస్తే నీలం ఇంకా గాఢంగా కనిపించింది. అక్కణ్ణుంచి 1928 దాకా కలకత్తాలో జరిగింది ఏళ్ల తరబడి పరిక్షేపణ (కాంతి చెదరడం) ప్రయోగాలు.

అసలు సముద్రం నీలానికీ రామన్ ఎఫెక్ట్‌కూ సంబంధం లేదు. నీటి అణువులు తరంగదైర్ఘ్యం మారకుండా చెదరగొట్టే కాంతి, నీరు ఎరుపును పీల్చుకోవడం, ఇవీ ఆ నీలానికి కారణాలు. రామన్ ఎఫెక్ట్‌లో తరంగదైర్ఘ్యం మారుతుంది, అదీ అతి కొద్ది కాంతికే. మా పరికరంలో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను పారాసిటమాల్ బిళ్ల మీద వేస్తాం. తిరిగొచ్చే వెలుగు దాదాపు మొత్తం అదే ఆకుపచ్చ. దాన్ని ఆపే ఫిల్టర్ లేకపోతే డిటెక్టర్‌కు ఇంకేమీ తెలియదు. మాకు కావలసిన సంకేతం కోటి ఫోటాన్లలో ఏ ఒక్కటో రెండో.

లేజర్లు లేని రోజుల్లో వాళ్లు ఏం చేశారో చూడండి. 18 సెంటీమీటర్ల టెలిస్కోప్ కటకంతో ఎండను కేంద్రీకరించారు. దారిలో నీలి-ఊదా కాంతిని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్ పెట్టారు. ద్రవంలోంచి చెదిరి వచ్చే వెలుగుకు ఆ నీలి-ఊదాను పూర్తిగా ఆపి, పసుపు-ఆకుపచ్చను పోనిచ్చే రెండో ఫిల్టర్ అడ్డం పెట్టారు. రంగు మారకపోతే చీకటే కనబడాలి. కానీ వెలుగు కనబడింది! ఒకటి కాదు, అరవై ద్రవాల్లో చూశారు. పాదరస దీపంతో వర్ణపటం తీసింది ఆ తర్వాత.

అపోహ: అంతా రామన్ ఒక్కరే చేశారు. / అపోహ: శిష్యుల పనిని తన ఖాతాలో వేసుకున్నారు.

ఈ రెండూ ఒకే సభలో వేర్వేరు నోళ్ల నుంచి వినిపిస్తాయి. ఉపన్యాసం తెరిస్తే రెండూ నిలవవు. 1923లో కె.ఆర్. రామనాథన్ గమనించిన బలహీనమైన కాంతి, బాగా శుద్ధిచేసిన గ్లిజరిన్‌లో వెంకటేశ్వరన్‌కు కనిపించిన ఆకుపచ్చ మెరుపు, కె.ఎస్. కృష్ణన్ పని, అన్నీ పేర్లతో సహా అందులో ఉన్నాయి. బహుమతి కృష్ణన్‌తో పంచాల్సిందా అన్న చర్చ వేరే. నా మటుకు నాకు అది న్యాయమైన ప్రశ్నే. కానీ పేరు చెప్పలేదన్నది మాత్రం అబద్ధం.

అపోహ: ఫిబ్రవరి 28 రామన్ పుట్టినరోజు.

విశాఖలో చదువుకున్నాడని మనం గొప్పగా చెప్పుకునే రామన్ పుట్టింది 1888 నవంబర్ 7న, తిరుచిరాపల్లిలో. ఫిబ్రవరి 28 ఆవిష్కరణ తేదీ. జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుకోవడం 1987 నుంచి మొదలైంది. బ్యానర్ మీద "జయంతి" అని వేయించే ముందు ఒకసారి చూసుకోండి.