పందికొక్కు ఆస్ట్రేలియా ఎలా చేరింది?

ఇంగ్లీషు నిఘంటువుల్లో పక్కన ‘తెలుగు నుంచి’ అని కనిపించే మాటలు చాలా తక్కువ. కర్రీ, మ్యాంగో, టీక్ లాంటివి తమిళ, మలయాళాల మీదుగా వెళ్లినవే. మన భాష నుంచి వెళ్లినవాటిలో నాకు బాగా ఇష్టమైనది బ్యాండికూట్. అది అచ్చంగా మన పందికొక్కు.

ఇది తెలుగు మాటే అనడానికి ఆధారం సులువుగానే దొరుకుతుంది. ఇదే జంతువును తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు, ఆ రెండింటిలో దేన్ని ఎంత వంచినా బ్యాండికూట్ రాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611లోనే మచిలీపట్నంలో కొట్లు పెట్టుకున్నారు, ధాన్యం గోదాములున్న చోట పందికొక్కులు ఉండకుండా ఎలా ఉంటాయి! ప బ అయింది, కొక్కు కూట్ అయింది. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన, ఇండియా నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్ కూడా ఇది తెలుగు పందికొక్కేనని స్పష్టంగా చెప్పింది. అంతకు ముందే, 1873లో, జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. అంటే మన పల్లెటూరి మాట లాటిన్ వేషంలో శాస్త్రంలోకి కూడా ఎక్కింది.

పేరు పెట్టిన మనవాళ్ల చూపు ఎంత నిశితమో చూడండి. కొక్కు అంటేనే పెద్ద ఎలుక, దానికి ముందు పందిని చేర్చారు. పెద్ద జాతి పందికొక్కు కిలో దాకా తూగుతుంది. కదిలిస్తే వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలాగే గుర్రుమంటుంది. పొలాల్లో ఎక్కువగా కనిపించేది బాండికోటా బెంగాలెన్సిస్ అనే చిన్న జాతి, నష్టం మాత్రం దీనివల్లే ఎక్కువ. వరి గట్లలో బొరియలు తవ్వి, కంకులు కొరికి లోపలికి మోసుకెళ్లి దాచుకుంటుంది. కోస్తాలో యానాదులు ఆ బొరియలకు పొగపెట్టి ఎలుకల్ని పట్టి, లోపల దాచిన ధాన్యాన్ని కూడా తవ్వి తీసుకునేవారు. ‘గాదె కింద పందికొక్కు’ అనే మాట ఊరికే పుట్టలేదు. (14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దౌలతాబాద్ కోట చెరసాలల్లో పిల్లుల కంటే పెద్ద ఎలుకలున్నాయని రాశాడు, అవి పందికొక్కులే అయి ఉంటాయని నాకు అనిపిస్తుంది.)

ఇక ఆస్ట్రేలియా కథ. అక్కడికి వెళ్లిన ఇంగ్లీషువాళ్లకు పొడుగు మూతితో, రాత్రిళ్లు నేల తవ్వుతూ తిరిగే ఒక చిన్న జంతువు కనిపించింది. ఇండియా నుంచి వచ్చిన మాట అప్పటికే వాళ్ల నోట్లో ఉంది, దాన్నే దీనికీ అంటించేశారు. 1799 నాటికే ఓడ వైద్యుడు, అన్వేషకుడు అయిన జార్జ్ బాస్ ఈ జంతువును బ్యాండికూట్ అన్నాడు. పంది, కొక్కు అనే రెండు ముక్కల అర్థం తెలిసిన తెలుగువాడైతే ఎలుక కానిదాన్ని అలా పిలవడు. వాళ్లకు అది ఉత్త శబ్దం కాబట్టి ఏ జంతువుకైనా తగిలించగలిగారు.

నిజానికి ఈ రెండు జంతువులకూ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. ఆస్ట్రేలియా బ్యాండికూట్ కంగారూలాగా సంచి ఉన్న జంతువు. దాని వంశమూ ఎలుకల వంశమూ పది కోట్ల ఏళ్లకు పైగా వేరువేరు దారుల్లో నడిచాయి, ఎంతగా అంటే మన పందికొక్కుకు ఆ బ్యాండికూట్ కంటే ఏనుగూ, ఆవూ, మనమే దగ్గర బంధువులం! నోరు తెరిస్తే తేడా తెలిసిపోతుంది. ఎలుకకు ముందు పైన రెండు, కింద రెండు జీవితాంతం పెరిగే కొరుకుడు పళ్లుంటాయి, బ్యాండికూట్‌కు వరసగా చాలా చిన్న పళ్లుంటాయి, ఎందుకంటే దాని ప్రధాన తిండి పురుగులూ వానపాములూ. దాని సంచి వెనక్కి తెరుచుకుంటుంది, తల్లి మట్టి తవ్వుతున్నప్పుడు పిల్లల మీద పడకుండా. ఉత్తర గోధుమరంగు బ్యాండికూట్ గర్భం పన్నెండున్నర రోజులే, క్షీరదాల్లో ఇంత తక్కువ కాలం చాలా అరుదు.

ఇంత వింతైన జంతువును అక్కడ ఇప్పటికీ కొందరు ఎలుక అనుకుని తరుముతారు, అదే నాకు బాధ. పశ్చిమ ఆస్ట్రేలియాలో క్వెండా అనే బ్యాండికూట్ మీద చేసిన అధ్యయనంలో, ఒక్కో జంతువు ఏడాదికి దాదాపు 4 టన్నుల మట్టిని తిరగేస్తుందని లెక్క తేలింది. ఆ గుంతల్లోకి నీరు ఇంకుతుంది, ఆకులు చేరి కుళ్లుతాయి, విత్తనాలు మొలుస్తాయి. మన పొలంలో తవ్వకం నష్టం, అక్కడి అడవిలో తవ్వకం ప్రాణాధారం.

అయినా పంది మాత్రం ఈ కథను వదల్లేదు. బ్యాండికూట్ బంధువుల్లో ఒకదానికి ముందు కాళ్లకు పంది గిట్టల్లాంటి రెండేసి వేళ్లు ఉండేవి. దాని శాస్త్రీయ నామం కైరోపస్, గ్రీకులో పంది కాలు అని అర్థం. తెలుగు సంగతి తెలియకుండానే మళ్లీ పందినే తెచ్చిపెట్టారు. పిల్లులు, నక్కలు, మారిపోయిన గడ్డిభూముల మధ్య ఆ జంతువు 20వ శతాబ్దం మధ్యకల్లా అంతరించిపోయింది.

ఇవాళ ఈ మాట చాలామంది పిల్లలకు క్రాష్ బ్యాండికూట్ అనే 1996 నాటి వీడియో గేమ్ వల్ల తెలుసు. అందులోని హీరో తూర్పు చారల బ్యాండికూట్. ఆ జంతువు ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అడవిలో అసలు లేకుండా పోయింది. పెంపకంలో మిగిలినవాటిని కంచెల లోపలా, నక్కలు లేని దీవుల్లోనూ వదిలి పెంచాక, 2021లో విక్టోరియా రాష్ట్రం ‘అడవిలో అంతరించింది’ అన్న ముద్ర తీసేసి ‘ప్రమాదంలో ఉంది’ అని మార్చింది.