గీజరులో పుట్టే సున్నపురాయి

గీజరు స్విచ్చి వేసి చాలాసేపైనా కుళాయిలో చన్నీళ్ళే వస్తుంటే, కాయిల్ కాలిపోయి ఉంటుందని అనుకోవడం సహజం. ఆ అనుమానం నిజమే కావచ్చు. అయితే కడపలో బోరు నీటిని వాడే ఇళ్ళలో, కాయిల్ కాలిపోవడానికి అసలు కారణం తరచుగా ఆ నీటిలోనే ఉంటుంది.

గీజరు విప్పించే ముందు చిన్న లెక్క వేసుకోవాలి. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచడానికి 2,000 వాట్ల కాయిల్‌కు సుమారు 18 నిమిషాలు పడుతుంది. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది కనుక, 230 వోల్టులకు బదులు 180 వోల్టులే వస్తే అదే పనికి దాదాపు అరగంట పడుతుంది. అందువల్ల నీళ్ళు ఆలస్యంగానైనా కాగుతుంటే ముందు వోల్టేజిని చూడాలి. ఎంతసేపైనా కాగకపోతే ఎం.సి.బి.ని (కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్చిని), నీరు తగినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్‌ను, అతివేడికి కరెంటు ఆపే కటౌట్‌ను, కాయిల్‌ను వరుసగా పరీక్షించాలి. మెయిన్ స్విచ్చి ఆపకుండా మూత విప్పడం ప్రాణాపాయం. గీజరు వేయగానే ఎం.సి.బి. పడిపోతుంటే దాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మేలు.

ఇక నీటి సంగతి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలసింది, మన ఇళ్ళలో నల్లని కడప బండలు పరచుకున్నది ఈ నేలలోని సున్నపురాయి వల్లనే. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పంగా ఆమ్లమై, ఆ రాతిని కాల్షియం బైకార్బొనేటుగా కరిగించుకుంటుంది. నీరు కాగినప్పుడు ఆ వాయువు బయటికి పోతుంది. కరిగిన రాయి కాల్షియం కార్బొనేటుగా మారి, కాయిల్‌పై తెల్లని పెచ్చుగా పేరుకుంటుంది. బెలుం గుహల పైకప్పు నుండి వేలాడే రాళ్ళు పుట్టింది కూడా ఈ రసాయన చర్యతోనే, కాకపోతే అక్కడ నీటిని కాచేవారు లేరు. ఊడిన పెచ్చుపై నిమ్మరసం పిండితే సన్నని బుడగలు లేస్తాయి. ఆ బుడగలు తిరిగి వెలువడుతున్న కార్బన్ డయాక్సైడే.

తాగునీటి కఠినత్వానికి, అంటే నీటిలో కరిగి ఉండే ఇలాంటి లవణాల మోతాదుకు, భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. గీజరుకు అలాంటి సడలింపు ఏదీ లేదు.

పెచ్చు కడితే నీళ్ళు నెమ్మదిగా కాగుతాయని చాలామంది అంటారు. ఆ మాట పూర్తిగా సరికాదు. కాయిల్ తీసుకునే కరెంటు ఇంచుమించు మారదు, కనుక వేడి చివరికి నీటికే చేరుతుంది. కానీ పెచ్చును దాటి రావలసి ఉండటంతో కాయిల్ మాత్రం మరింత వేడెక్కి ఒకనాటికి తెగిపోతుంది. పెచ్చు కాయిల్ నుండి థర్మోస్టాట్ గొట్టం దాకా పెరిగితే ఇబ్బంది మరో రకంగా ఉంటుంది: కాయిల్ వేడి నేరుగా సోకి థర్మోస్టాట్ ముందే కరెంటు ఆపేస్తుంది, కుళాయిలో గోరువెచ్చని నీళ్ళే వస్తాయి. అప్పుడు కొత్త థర్మోస్టాట్ వేయించినా ఫలితం ఉండదు, పెచ్చు తీయించాలి.

కాయిల్‌ను సిట్రిక్ యాసిడ్ ద్రావణంలో నానబెడితే పెచ్చు కరుగుతుంది, అయితే ఆ నీరు కడప బండలపై పడితే వాటి మెరుపు పోతుంది. పెచ్చు తీయించిన రోజే ట్యాంకు లోపలి మెగ్నీషియం కడ్డీ ఎంత అరిగిందో చూడాలి, ఎందుకంటే ట్యాంకుకు బదులు తుప్పు పట్టేది ఆ కడ్డీయే. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీటిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వులో కూడా పెచ్చు చేరి ఉండవచ్చు; నీళ్ళు చల్లారాక దాని పిడిని ఎత్తినప్పుడు నీరు రాకపోతే, ఆ వాల్వును మార్పించిన తరువాతే గీజరు వేయాలి.