రియో గ్రాండే కరకట్ట మీద చరిత్ర చదువు: 2008లో వచ్చిన మలుపు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం దక్షిణ కొసన, మెక్సికో సరిహద్దు గోడ పంచాయితీ మళ్లీ మొదలైంది. 2025 జులై 4న అమెరికాలో చట్టమైన బడ్జెట్ బిల్లు గోడ నిర్మాణానికి దాదాపు 4,650 కోట్ల డాలర్లు కేటాయించడంతో, రియో గ్రాండే నది వెంట కొన్నేళ్లుగా సద్దుమణిగినట్టు కనిపించిన వివాదాలన్నీ తిరిగి పైకి వచ్చాయి. పొలాలు ఎవరివి పోతాయి, కరకట్ట పక్కన ఉన్న పాత చర్చిలూ శ్మశానాలూ ఏమవుతాయి అన్న ప్రశ్నలతో పాటు, ఆ నది లోయలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఇప్పటి రియో గ్రాండే వ్యాలీ విశ్వవిద్యాలయం పేరు కూడా ఈ వివాదంలో తరచూ వినిపిస్తుంది. అక్కడ చరిత్ర, మానవశాస్త్ర విద్యార్థులు ఊళ్లలోకి వెళ్లి, స్థానిక కుటుంబాలతో కూర్చుని వాళ్ల చరిత్ర రాయడం చదువులోనే ఒక భాగం. ఆ పనికి ఇంత బరువు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే 2008 దగ్గర ఆగి చూడాలి. స్పెయిన్ వలస, 1846 నాటి యుద్ధం, నది రెండు దేశాల హద్దుగా మారడం చాలామందికి తెలిసిన సంగతులే కాబట్టి వాటిని ఇక్కడ తిరగేయడం లేదు.

2006లో అమెరికా కాంగ్రెస్ దాదాపు 700 మైళ్ల కంచెకు అనుమతినిచ్చిన తర్వాత, అప్పట్లో బ్రౌన్స్‌విల్‌లో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయ శాఖను కూడా, దేశ అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ గోడ సర్వేకు అనుమతి కోరింది. విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు, మన దగ్గరైతే ఉపకులపతి అనదగిన జూలియెట్ గార్సియా, ఆ పత్రం మీద సంతకం పెట్టలేదు. ప్రభుత్వం గీసిన గీత ప్రకారం 18 అడుగుల గోడ క్యాంపస్‌ను చీల్చుకుంటూ పోతుంది. విశ్వవిద్యాలయపు స్థలం కొంత గోడకు నది వైపున మిగిలిపోతుంది. అలా మిగిలేదాంట్లో ఫోర్ట్ బ్రౌన్ తొలి మట్టికోట ఆనవాళ్లు కూడా ఉన్నాయి. 1846 మేలో మెక్సికో సైన్యం ముట్టడించిన కోట అదే. ఆ ముట్టడిలో చనిపోయిన మేజర్ జేకబ్ బ్రౌన్ పేరే కోటకూ, తర్వాత ఊరికీ వచ్చింది. ఈ క్యాంపస్ లేచింది ఆ సైనిక స్థావరం మీదనే. పాత సైనిక ఆసుపత్రి భవనం విశ్వవిద్యాలయ కార్యాలయంగా మారింది. చరిత్ర పాఠం చెప్పడానికి అక్కడి అధ్యాపకులు విద్యార్థులను ఎక్కడికో తీసుకెళ్లాల్సిన పని లేదు, తరగతి గది తలుపు తీస్తే చాలు.

ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. 2008 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి ఆండ్రూ హేనెన్, విశ్వవిద్యాలయంతో సంప్రదింపులు జరిపి ప్రత్యామ్నాయాలు చూడాలని హోంల్యాండ్ శాఖను ఆదేశించారు. ఆ మాటలు తేలక మళ్లీ కోర్టు మెట్లెక్కిన తర్వాత, జులై 31న ఒప్పందం కుదిరింది. క్యాంపస్‌లో ప్రభుత్వ గోడ కట్టరు. బదులుగా విశ్వవిద్యాలయమే తన పాత కంచెను 10 అడుగులకు పెంచుకుంటుంది. ఆ ప్రాంతంలో ఇలాంటి ఫలితం దక్కించుకున్నవాళ్లు చాలా తక్కువ.

ఈ కేసును ఇంత వివరంగా చెప్పడానికి కారణం, దాని వెనుక ఒకే చట్టంలోని రెండు నిబంధనలు ఉండటం. 2005లో వచ్చిన సవరణ హోంల్యాండ్ మంత్రికి ఒక అసాధారణమైన అధికారం ఇచ్చింది: గోడకు అడ్డొచ్చే చట్టాలను ఆయన ఒక్క ప్రకటనతో పక్కన పెట్టవచ్చు. 2008 ఏప్రిల్ 1న మంత్రి మైకేల్ చెర్టాఫ్ 30కి పైగా చట్టాలను అలా పక్కన పెట్టారు. చారిత్రక స్థలాలను కాపాడే 1966 నాటి చట్టం, ఆదివాసుల సమాధులను రక్షించే చట్టం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దీన్ని సవాలు చేసిన ఒక కేసును వినడానికి అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు నిరాకరించింది. రెండో నిబంధన 2007 డిసెంబరులో చేరింది. స్థానిక ప్రభుత్వాలతో, ఆదివాసీ తెగలతో, భూయజమానులతో మంత్రి సంప్రదించాలనీ, అక్కడి పర్యావరణం, సంస్కృతి, వ్యాపారం, జీవనం మీద పడే దెబ్బ తగ్గించాలనీ అది చెబుతుంది. అంటే వారసత్వాన్ని కాపాడే చట్టం పోయింది, వారసత్వం గురించి మాట్లాడే హక్కు మాత్రం మిగిలింది. ఆ మాట ఎవరు, ఏ ఆధారంతో, ఏ హోదాలో చెబుతున్నారన్నదే అప్పటి నుంచి అసలు విషయమైంది.

అదే న్యాయమూర్తి ముందుకు అదే ఏడాది వచ్చిన మరో కేసు చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఎలోయిసా తామెజ్ అదే విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలు, లిపాన్ అపాచీ అనే ఆదివాసీ తెగ సంతతికి చెందినవారు. బ్రౌన్స్‌విల్‌కు పడమరగా ఎల్ కలబోస్ అనే చిన్న ఊళ్లో ఆమెకున్నది మూడెకరాలు. స్పెయిన్ రాజు కాలంలో ఇచ్చిన భూదానంలో తరతరాలుగా తరిగి తరిగి చివరికి మిగిలిన ముక్క అది. ఆమె కూడా సంతకం పెట్టలేదు. ఆమె కేసులోనూ ముందు సంప్రదించాలనే కోర్టు చెప్పింది. అయినా 2009లో గోడ ఆమె నేల మీదుగానే లేచింది. సేకరించిన పావు ఎకరానికి వచ్చిన 56,000 డాలర్లను ఆమె తన తల్లిదండ్రుల పేరిట నర్సింగ్ విద్యార్థుల ఉపకార వేతనానికి ఇచ్చారు. మిగిలిన తన చేలోకి వెళ్లాలంటే ఆమె ఆ గోడ దాటాలి. దస్తావేజుల విషయంలో విశ్వవిద్యాలయం కంటే తామెజ్ కుటుంబం చరిత్రే పాతది. తేడా వచ్చింది వెనుక ఉన్న సంస్థలో, న్యాయవాదుల బలంలో, పత్రికలు ఇచ్చిన చోటులో.

ఈ గోడ టెక్సాస్‌లో ఇన్ని కుటుంబాలను తాకడానికి కారణం పాత భూపంపిణీలోనే ఉంది. 1767లో స్పెయిన్ అధికారులు నది పొడవునా భూమిని సన్నటి పట్టీలుగా పంచారు. ప్రతి కుటుంబం పశువులకూ నీరు దొరకాలని, ఒడ్డున మైలుకు లోపు వెడల్పు, వెనక్కి పది మైళ్లకు పైగా పొడవు ఇచ్చారు. అక్కడివాళ్లు వీటిని పోర్సియోన్ అంటారు. గోడ నది వెంట నడుస్తుంది, పట్టీలు నదికి అడ్డంగా ఉంటాయి. కాబట్టి గోడ వెళ్లిన మేరా ఏ పట్టీనీ కోయకుండా పోదు. పైగా 1845లో అమెరికాలో చేరినప్పుడు టెక్సాస్ తన ప్రభుత్వ భూములను తన దగ్గరే ఉంచుకుంది. అరిజోనా, కాలిఫోర్నియాల్లో సరిహద్దు పొడవునా ఫెడరల్ భూమి ఎక్కువగా ఉంటే, ఇక్కడ ఎక్కువ భాగం ప్రైవేటు పట్టాయే. వరద నీటికి అడ్డు రాకూడదని మెక్సికోతో 1970లో చేసుకున్న ఒప్పందం వల్ల గోడను నది అంచున కాక కరకట్ట మీద, కొన్నిచోట్ల ఒడ్డుకు మైలు దూరంలో కట్టాల్సి వస్తోంది. నదికీ గోడకూ మధ్య లంక భూముల్లా చిక్కుకుపోయే నేలలో ఎక్కువ భాగం ఎవరో ఒకరి చేను, తోట, లేదా శ్మశానం.

ఇక విద్యార్థులు ఊళ్లలో చేసే పని సంగతి. 2009లో అదే లోయలోని ఎడిన్‌బర్గ్ ఊళ్లో, అప్పటి పాన్ అమెరికన్ విశ్వవిద్యాలయంలో చాప్స్ అనే కార్యక్రమం పుట్టింది. పాఠశాలలతో కలిసి స్థానిక చరిత్ర, పురావస్తు పరిశోధన చేయడం దాని ఉద్దేశం. చరిత్రకారుడు, మానవశాస్త్రవేత్త, భూగర్భ శాస్త్రవేత్త, జీవశాస్త్రవేత్త ఒకే పొలంలో కలిసి పనిచేస్తారు. రైతు తాత దుక్కిలో దొరికిన రాతి బాణపు మొనలను ఏరి ఇంట్లో దాచిపెడతాడు. విద్యార్థులు వాటిని ఒక్కొక్కటీ కొలిచి, ఫొటో తీసి, ఏ చేలో దొరికాయో రాసి, తిరిగి ఆయన చేతికే ఇస్తారు. అలాంటి మొనల్లో కొన్ని స్టార్ కౌంటీలోని ఎల్ సావుస్ దగ్గర దొరికే చెకుముకి రాయితో చేసినవని తేలింది. భూదాన పత్రాలు పాత స్పానిష్‌లో, కౌంటీ రికార్డులు ఇంగ్లిష్‌లో, నానమ్మ జ్ఞాపకాలు రెండూ కలిసిన ఇంటి మాటలో ఉంటాయి. మూడింటినీ కలిపి చదవగలిగేది ఆ లోయలో పుట్టిన పిల్లలే. బ్రౌన్స్‌విల్, ఎడిన్‌బర్గ్ విద్యాసంస్థలు కలిసి 2015లో రియో గ్రాండే వ్యాలీ విశ్వవిద్యాలయంగా తెరుచుకున్నాక, పదిమందిలో తొమ్మిదిమంది విద్యార్థులు హిస్పానిక్, అంటే స్పానిష్ భాషా మూలాలున్న కుటుంబాల వాళ్లే కాబట్టి, ఈ రెండు భాషల చదువును సంస్థ తన ప్రత్యేకతగా చెప్పుకుంది.

ప్రభుత్వం మాట కూడా చెప్పాలి. దొంగరవాణా, అక్రమ ప్రవేశాలు ఈ ప్రాంతంలో నిజమైన సమస్యలేననీ, భూమికి పరిహారం ఇస్తున్నామనీ, యజమానులను సంప్రదిస్తున్నామనీ ఆ శాఖ వాదన. గోడ కావాలనే రైతులు కూడా లోయలో ఉన్నారు. ఈ విషయంలో పార్టీల తేడా కూడా అంతగా కనపడదు: 2023 అక్టోబరులో స్టార్ కౌంటీలో 26 చట్టాలను పక్కన పెట్టింది డెమొక్రటిక్ పార్టీకి చెందిన బైడెన్ ప్రభుత్వమే.

ఇప్పటి వివాదానికి దగ్గరి ఉదాహరణ హిడాల్గో కౌంటీలో శాన్ హ్వాన్ ఊరి దగ్గర ఉంది. అలబామా నుంచి 1857లో నథానియల్ జాక్సన్ అనే తెల్లజాతి రైతు, ఆయన భార్య అయిన ఒకప్పటి బానిస మటిల్డా హిక్స్ తమ పిల్లలతో వచ్చి అక్కడ స్థిరపడ్డారు. బానిసత్వం లేని మెక్సికోకు నది దాటి పారిపోయేవాళ్లకు ఆ కుటుంబం ఆశ్రయమిచ్చిందని వారసులు తరతరాలుగా చెప్పుకున్నారు, విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని రాతలోకి తెచ్చారు. జాక్సన్ కుటుంబపు శ్మశానాలు కరకట్ట పక్కనే ఉన్నాయి. 2019లో గోడ అటు రాబోతోందని తెలిసి వారసులు, కారిసో కొమెక్రూదో అనే ఆదివాసీ తెగవాళ్లు ఈలై జాక్సన్ శ్మశానం దగ్గర గుడారాలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ డిసెంబరులో ఆమోదం పొందిన బడ్జెట్ చట్టం, చారిత్రక శ్మశానాల్లో గోడ కట్టడానికి ఆ నిధులు వాడరాదని రాసింది. ఒక్క పరిశోధన వల్లే ఇది జరిగిందని చెప్పడం అతిశయోక్తి. కానీ అక్కడ పడుకున్నవాళ్లెవరో, ఎందుకు ముఖ్యులో చెప్పే రాత ముందే సిద్ధంగా ఉండటం వారసుల చేతికి పనికొచ్చింది. 2009లో తామెజ్‌కు ఇలాంటి తోడు ఇంతగా దొరకలేదు.

ఆ మినహాయింపు నిధులకు పెట్టిన షరతు మాత్రమే, శాశ్వత రక్షణ కాదు. మంత్రి చట్టాలను పక్కన పెట్టిన ప్రకటనను సవాలు చేయాలంటే రాజ్యాంగపరమైన కారణం ఉండాలి, అదీ 60 రోజుల్లోపు దాఖలు కావాలి. ఒక కుటుంబ శ్మశానంలో పేరు చెరిగిపోయిన సమాధులను గుర్తించి, పాత స్పానిష్ పత్రాలతో సరిచూసి, బతికున్న పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడానికి 60 రోజులు చాలవు. అందుకే గోడ వస్తుందన్న వార్త రాకముందే ఆ పని మొదలుపెట్టాలి.